కుక్కపిల్లని కెన్నెల్‌లో పెట్టగానే మొరుగుతోంది: ఏడవనివ్వాలా, ఎత్తుకోవాలా?

దక్షిణ ఒడిశాలో రాయగడ, బరంపురం, పర్లాకిమిడి, జయపురం ఎక్కడ చూసినా ఈమధ్య మన తెలుగువాళ్ల ఇళ్లల్లో కుక్కపిల్లలు బాగా కనిపిస్తున్నాయి. ల్యాబ్రడార్లు, పమేరియన్లు, జర్మన్ షెపర్డ్‌లు, వాటితో పాటు వీధిలోంచి తెచ్చుకున్న మన నాటు పిల్లలూ ఉన్నాయి. తెచ్చిన మొదటి రాత్రే గొడవ మొదలవుతుంది. కెన్నెల్‌లో పెట్టి తలుపు వేసిన అయిదు నిమిషాలకి కుంయ్ కుంయ్, పదినిమిషాలకి భౌ భౌ, అర్ధరాత్రికి ఊళ, పక్కింటివాళ్లు పొద్దున్నే "ఏటండీ రాత్రంతా ఆ కుయ్యోమొర్రో" అని అడుగుతారు. అప్పుడు సలహాలు వస్తాయి, అవి ఒకదానికొకటి పూర్తిగా అడ్డం. ఒకాయన పట్టించుకోకండి రెండు రోజుల్లో అదే ఆగుతుంది అంటారు, ఇంకొకామె అయ్యో పసిదాన్ని ఏడిపించకండి అంటుంది, యూట్యూబ్‌లో ఒకతను నీళ్లు చల్లమంటాడు, ఇంకొకతను అసలు బోనులో పెట్టడమే పాపం అంటాడు. ఎవరి మాట వినాలో తెలియక జనం రోజుకొకటి చేస్తున్నారు, దాంతో మొరుగుడు ఇంకా ముదురుతోంది. అందుకే దీన్ని మొదట్నుంచి విడదీసి చూద్దాం.

కెన్నెల్ అంటే ఒక్కో ఇంట్లో ఒక్కోటి

సలహాలు తేడాకొట్టడానికి ఒక కారణం ఇక్కడే ఉంది. విదేశీ వీడియోల్లో చూపించేది క్రేట్, అంటే ఇంటిలోపల, మనుషులు తిరిగే గదిలో పెట్టే చిన్న మడతపెట్టే బోను, లోపల మెత్తటి పరుపు. మన దగ్గర కెన్నెల్ అంటే ఎక్కువమందికి వెల్డింగ్ షాపులో ఇనప గ్రిల్లుతో చేయించి పెరట్లోనో మేడ మీదో పెట్టేది, పైన రేకు, కింద సిమెంటు నేల. ఈ రెండూ ఒకటి కావు. లోపలి క్రేట్‌లో ఉన్న పిల్లకి మనుషుల ఊపిరి వినిపిస్తుంది, వాసన తగులుతుంది, మేడ మీద గ్రిల్లులో ఉన్నదానికి ఏమీ ఉండదు. కాబట్టి క్రేట్ గురించి చెప్పిన "పది నిమిషాలు ఊరుకుంటే సర్దుకుంటుంది" అనే మాటని తెచ్చి మేడ మీద కెన్నెల్‌కి అంటిస్తే అది పనిచెయ్యదు, పనిచెయ్యకపోతే పిల్ల మొండిది అనేస్తాం.

ఎనిమిది వారాల పిల్లకి ఒంటరితనం అంటే

కుక్కపిల్లకి దాదాపు రెండు వారాలకి కళ్లు తెరుచుకుంటాయి, మూడో వారానికి చెవులు వినిపిస్తాయి. అక్కడినుంచి సుమారు 12, 14 వారాల వరకూ ఉండేది చాలా ముఖ్యమైన కాలం, లోకంలో ఏది మామూలు ఏది భయం అనేది బుర్రలో అప్పుడే గట్టిపడుతుంది. అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి గమనించి ఈ సంగతి తేల్చారు. మనం పిల్లని ఇంటికి తెచ్చేది సరిగ్గా ఈ కాలం మధ్యలో.

అప్పటిదాకా అది ఒక్క క్షణం ఒంటరిగా పడుకుని ఎరగదు. తల్లి పొట్ట, తోబుట్టువుల వీపులు, ఆ వేడి, ఆ వాసన, ఇవే దానికి ఇల్లు. తప్పిపోయిన పిల్ల అరిస్తే తల్లి వెతుక్కుంటూ వస్తుంది, అరవనిది చచ్చిపోతుంది, ప్రకృతి పెట్టిన లెక్క అది. 1970ల చివర్లో జాక్ ప్యాంక్సెప్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు ఒంటరిగా ఉంచిన కుక్కపిల్లలకి చాలా కొద్ది మోతాదులో మార్ఫిన్ ఇస్తే ఆ ఏడుపు బాగా తగ్గడం చూశారు. అంటే ఒంటినొప్పిని తగ్గించే మందే ఒంటరితనం ఏడుపునీ తగ్గించింది. ఇది చదివాక ఆ మొదటిరాత్రి ఏడుపుని వేషాలు అనడానికి నాకు మాత్రం నోరు రాదు.

ఇంకో సంగతి, పిల్లని ఏ వయసులో తెచ్చారన్నది. మనదేశంలో 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని బ్రీడర్ అమ్మకూడదు. కానీ చాలాచోట్ల నెల, నెలా పదిరోజుల పిల్లల్నే ఇచ్చేస్తున్నారు, కొనేవాళ్లు కూడా చిన్నదైతే బాగా మచ్చికవుతుందని అదే అడుగుతున్నారు. ఇటలీలో 2011లో 140 కుక్కల యజమానుల్ని అడిగి చూశారు, సగం కుక్కలు 30 నుంచి 40 రోజుల మధ్య తల్లిని వదిలినవి, సగం రెండు నెలలకి వదిలినవి. ముందే వేరుచేసినవాటిలో అతిగా మొరగడం, చప్పుళ్లకి బెదరడం ఎక్కువగా ఉన్నాయని తేలింది. కాబట్టి కొన్ని ఇళ్లల్లో కెన్నెల్ మొరుగుడికి బీజం ఆ ఇంటికి రాకముందే పడి ఉంటుంది.

ఒకటే గోల, కారణాలు నాలుగు

కెన్నెల్‌లోంచి వచ్చే ప్రతి అరుపునీ ఒకే గంపలో వేసేస్తాం కానీ కాస్త చెవిపెడితే తేడా తెలుస్తుంది. కాలిఫోర్నియాలో సోఫియా యిన్ అనే పశువైద్యురాలు 2002లో కుక్కల మొరుగుళ్లు రికార్డు చేసి చూస్తే, కొత్తమనిషి వచ్చినప్పటి మొరుగుడు బొంగురుగా, తగ్గు స్థాయిలో, వెంటవెంటనే వస్తోంది, ఒంటరిగా ఉన్నప్పటిది సన్నగా, పైస్థాయిలో వస్తోంది.

మొదటిది ఒంటి అవసరం. ఉచ్చ, దొడ్డి, దాహం, ఆకలి, చలి, ఉక్క, కడుపునొప్పి, గోమార్లు కుట్టడం. ఇందులో ఉచ్చ లెక్క అందరూ మర్చిపోతారు. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అది ఆపుకోగలిగే గంటలు అని పశువైద్యులు ఒక అందాజా లెక్క చెప్తారు. రెండు నెలల పిల్లకి మూడు గంటలు. ఇప్పుడు ఒక ఇంట్లో రాత్రి 10కి కెన్నెల్ మూసి పొద్దున్న 6కి తెరుస్తున్నారు అనుకోండి, ఎనిమిది గంటలు. ఒంటిగంటకి అది మొరిగిందంటే పడుకునేచోటు పాడుచెయ్యడం ఇష్టంలేక పిలుస్తోంది. దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే అది అక్కడే పోస్తుంది, తడిలో పడుకోలేక మళ్లీ ఏడుస్తుంది, కొన్నాళ్లకి పడుకునేచోటే పొయ్యడం అలవాటవుతుంది. మొరుగుడూ ఆగలేదు, శుభ్రతా పోయింది. మన ఇళ్లల్లో ఇంకో అలవాటు, పడుకోబోయే ముందు గిన్నెడు పాలు పొయ్యడం. ఆవుపాలు చాలా పిల్లలకి పడవు, విరోచనాలు పెట్టుకుంటాయి, రాత్రి గోలకి అదీ ఒక కారణం. నులిపురుగులు ఉన్నా అంతే.

రెండోది ఇందాక చెప్పుకున్న ఒంటరితనం. ఇది మూలుగుతో మొదలై సన్నటి ఏడుపుగా, తర్వాత ఊళగా సాగుతుంది, మధ్యలో తలుపు గీకుతుంది, ముందు పెట్టిన బిస్కెట్‌ కూడా ముట్టుకోదు. తిండి ముట్టకపోవడం గట్టి గుర్తు, భయంలో ఉన్న ప్రాణికి ఆకలి ఉండదు.

మూడోది పిలుపు. మిమ్మల్ని చూస్తూ మొరుగుతుంది, ఆగి చెవులు నిక్కించి వింటుంది, మళ్లీ మొరుగుతుంది. తోక ఊగుతుంటుంది, బిస్కెట్ ఇస్తే లటుక్కున తింటుంది. ఇది మనం నేర్పిందే, ఒకసారి మొరిగితే తలుపు తీశాం కాబట్టి.

నాలుగోది బయటి చప్పుడు. గేటు దగ్గర పాలబ్బాయి, వీధి కుక్కల ఊళ, కొండవార ఊళ్లల్లో అయితే నక్కల కూతలు. మరీ చిన్నపిల్లల్లో ఇది తక్కువ, నెలలు గడిచేకొద్దీ పెరుగుతుంది.

ఇక్కడే ఒక పెద్ద తికమక ఉంది. చాలామంది కుక్కని తెచ్చుకునేదే కాపలాకి, కాబట్టి "దొంగొస్తే మొరగాలి, కెన్నెల్‌లో మాత్రం మొరగకూడదు, ఇదెలా నేర్పుతాం, మొరగొద్దని నేర్పితే కాపలా కూడా మానేస్తుందేమో" అని భయపడతారు. కాపలా మొరుగుడు నాలుగో రకం, ఇది నా చోటు అన్న భావం వచ్చాక, మామూలుగా ఆరేడు నెలలు దాటాక వస్తుంది. రెండు నెలల పిల్ల ఏడుపు రెండో రకం. ఒంటరితనం ఏడుపు తగ్గినంతమాత్రాన కాపలా గుణం పోదు, రెండింటి మూలం వేరు.

"ఏడవనీ" అనేవాళ్లు, "ఎత్తుకో" అనేవాళ్లు

ఏడవనివ్వండి అనేవాళ్ల మాటలో నిజం ఉంది. ఏ పనికి ఫలితం వస్తుందో ఆ పని పెరుగుతుంది, రాకపోతే తగ్గుతుంది. స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఎలుకలు, పావురాల మీద ఏళ్లతరబడి పనిచేసి దీన్ని చూపించారు. కానీ ఆయన చూపించిన మిగతా సగం ఎవరూ చెప్పరు. ఫలితం ప్రతిసారీ కాకుండా అప్పుడప్పుడు వస్తే ఆ పని అసలు పోదు, ఇంకా మొండిగా నిలబడిపోతుంది. ఇంకా, ఫలితం ఆగిపోయిన కొత్తలో ఆ పని తగ్గేముందు ఒకసారి బాగా పెరుగుతుంది కూడా.

బరంపురంలో ఒక ఇల్లు అనుకుందాం, తాతయ్య, నాయనమ్మ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. సోమవారం పది నిమిషాలు మొరిగింది, నాయనమ్మ జాలిపడి తలుపు తీసింది. మంగళవారం కొడుకు ఎవరూ తియ్యకూడదు అన్నాడు, ఇరవై నిమిషాలకి పిల్లలు తీశారు. బుధవారం అందరూ గట్టిగా అనుకున్నారు, అది ముప్పై అయిదు నిమిషాలు మొరిగింది, పక్కింటాయన గోడమీంచి అరిచేసరికి తాతయ్య తీశారు. ఇంట్లోవాళ్ల లెక్కలో మూడు రోజులు పట్టించుకోలేదు. పిల్ల లెక్కలో పదికి రాకపోతే ఇరవైకి, ఇరవైకి రాకపోతే ముప్పై అయిదుకి తలుపు వస్తుంది, ఆపకుండా మొరగడమే పని. మొండితనం ఆ ఇల్లే నేర్పింది, ఎవరికీ చెడు ఉద్దేశం లేకుండానే.

ఇక ఎత్తుకోమనేవాళ్లు. వాళ్లు చెప్పేది, భయం అనేది పని కాదు, ఫలితం ఆపితే తగ్గడానికి. భయంలో ఉన్నదాన్ని వదిలేస్తే అది అలిసిపోయి ఊరుకోవచ్చు కానీ కెన్నెల్ అంటే భయం అనే ముద్ర మిగిలిపోతుంది, రేపు కెన్నెల్ వైపు తీసుకెళ్తుంటేనే కాళ్లు నేలకి తన్ని నిలబడిపోతుంది. ఇదీ నిజమే. కానీ ప్రతి కుంయ్‌కీ పరిగెడితే మూడోరకం మొరుగుడు తయారవుతుంది, దీనికి వాళ్ల దగ్గర జవాబు లేదు.

నాకు అర్థమైనంతలో వీళ్లిద్దరూ వేరువేరు మొరుగుళ్ల గురించి మాట్లాడుతున్నారు. పట్టించుకోకపోవడం అనేది మూడోరకానికి మందు, అదీ ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉంటేనే. మొదటి రకానికి అవసరం తీర్చడమే, మాటలు ఆటలు లేకుండా బయటికి తీసుకెళ్లి, పని కాగానే లోపల పెట్టెయ్యడం, రాత్రి లేస్తే ఆట ఉంటుంది అని దానికి అనిపించకుండా. రెండో రకానికి కావాల్సింది దగ్గరితనం. మరి ఏది ఏదో అర్ధరాత్రి నిద్రమత్తులో తెలియదే అంటారు, నిజమే, అందుకే మొదటి వారం పదిరోజులు అది ఒంటరితనమే అనుకుని నడుచుకోవడం మంచిదని నా అభిప్రాయం. అప్పుడే వచ్చిన పిల్లకి మనల్ని ఆడించే తెలివి ఇంకా రాలేదు.

నిశ్శబ్దం ఎక్కడినుంచి వస్తుంది

కుక్కకి మొరగకుండా ఉండటం అనే పని విడిగా నేర్పలేం, తలుపు పడినా నన్ను వదిలెయ్యలేదు అనే నమ్మకం కలిగితే మొరుగుడు దానంతట అదే తగ్గుతుంది. ఆ నమ్మకం రాత్రి పుట్టదు, పగలు పుడుతుంది. మనం చేసేది దీనికి తలకిందులు, పగలంతా ఒళ్లో పెట్టుకుని తిరిగి రాత్రి ఒక్కసారిగా ఎనిమిది గంటలు మూసేస్తాం.

గుణుపురంలో రెండు నెలల ల్యాబ్ పిల్ల ఉన్న ఇల్లు ఒకటి ఊహించుకోండి. మొదట తలుపు తెరిచే ఉంచి అన్నం గిన్నె కెన్నెల్‌లోనే పెడుతున్నారు, పిల్ల తనంతట తనే వెళ్లొస్తోంది. తర్వాత తినేటప్పుడు తలుపు దగ్గరగా వేసి తినడం అయ్యేలోపే తీస్తున్నారు. తర్వాత తిన్నాక ఒక నిమిషం, మనిషి పక్కనే కూర్చుని. ఆపైన మనిషి లేచి వంటింట్లోకి వెళ్లి రావడం. అయిదు నిమిషాలకి బాగానే ఉంది, ఎనిమిదికి ఏడుపు అందుకుంది అంటే దాని ఓపిక హద్దు ఆ మధ్యలో ఉందన్నమాట, మళ్లీ మూడు నాలుగుకి దిగాలి. రోజూ పెంచుకుంటూనే పోతే, ప్రతిసారీ కిందటిసారి కంటే కష్టం అని దానికి తెలిసిపోతుంది, అందుకే రెండు, నాలుగు, ఒకటి, అయిదు, మూడు ఇలా కలగాపులగంగా పెడితే ఎప్పుడు తలుపు తీస్తారో లెక్క అందక సర్దుకుని పడుకుంటుంది. ఏడుపు మొదలయ్యాక తియ్యాల్సివస్తే రెండు మూడు సెకన్లు ఊపిరి తీసుకోడానికైనా ఆగుతుంది కదా, ఆ సందులో తీస్తే మౌనానికి తలుపు వచ్చినట్టవుతుంది. కుక్కపిల్లలు రోజుకి 18 నుంచి 20 గంటలు నిద్రపోతాయి, ఆడి, ఉచ్చపోసి, కళ్లు మూతలు పడుతున్నప్పుడు లోపల పెట్టడానికీ, హుషారుగా ఉన్నప్పుడు బలవంతంగా తోయడానికీ ఫలితం చాలా వేరు.

రాత్రిపూట ఎక్కువమంది పశువైద్యులు, ట్రైనర్లు చెప్పేది మొదట్లో కెన్నెల్‌ని మంచం పక్కనే పెట్టుకుని, పిల్ల స్థిరపడేకొద్దీ గుమ్మం దగ్గరికి, తర్వాత వరండాలోకి జరపడం. ఇనప గ్రిల్లు కెన్నెల్ కదలదు కాబట్టి ఆ కొన్ని వారాలకి ప్లాస్టిక్ బుట్టో, అట్టపెట్టో, పాత చీరా చాలు. "పక్కలో పడుకోబెడితే గారాబం అవుతుంది, మొక్కై వంగనిది మానై వంగునా" అని పెద్దవాళ్లు అంటారు. చంటిబిడ్డని తల్లి పక్కలో పడుకోబెట్టుకుంటే పెద్దయ్యాక ఒంటరిగా పడుకోడని ఎవరూ అనరు, ఇదీ అంతే.

మన ఎండ, మన చలి, మన జాతరలు, మన భాషలు

చలిదేశాల సలహా ఒకటి బాగా తిరుగుతోంది, కెన్నెల్ మీద దుప్పటి కప్పితే పిల్ల ఊరుకుంటుంది అని. బయటి కదలికలు కనిపించవు కాబట్టి నాలుగోరకం మొరుగుడుకి అది పనిచేస్తుంది. కానీ మే నెలలో రాయగడ, గుణుపురం వైపు 40 డిగ్రీలు దాటే రోజుల్లో రేకు కింద, నాలుగువైపులా దుప్పటి కప్పితే గాలి ఆడదు. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టించుకోలేదు, నాలుక బయటపెట్టి ఒగర్చడమే దాని దారి, ఉక్కలో అదీ సరిపోక వడదెబ్బ తగులుతుంది. అలాంటి కెన్నెల్‌లో పిల్ల మొరిగితే ప్రాణం కాపాడమని అరుస్తోందని అర్థం. ఇటు కోరాపుట్, సిమిలిగుడ వైపు డిసెంబర్, జనవరి చలికి సిమెంటు నేల మీద పిల్ల వణుకుతూ ఏడుస్తుంది, కింద గోనెసంచి, పాత బొంత వేస్తే సగం గోల అక్కడే తగ్గుతుంది.

చప్పుళ్ల సంగతి వేరే. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర, రాయగడలో చైత్రంలో మజ్జిగౌరమ్మ పండగ, డప్పులు, మైకులు, పెళ్లిళ్ల డీజేలు, దీపావళి. ఆ రోజుల్లో మొదటిసారి కెన్నెల్‌లో పెట్టి తాళం వేస్తే ఆ చప్పుడు భయం, ఆ కెన్నెల్ రెండూ పిల్ల బుర్రలో ముడిపడిపోతాయి. కాబట్టి అలవాటు మొదలుపెట్టే వారం ఏదన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఇంకోటి, మన ఇళ్లల్లో ఇంట్లో తెలుగు, పనిమనిషితో ఒడియా, పిల్లలు స్కూలు ఇంగ్లీషు. ఒకరు ఊరుకో అంటారు, ఒకరు చుప్ అంటారు, ఒకరు క్వయిట్ అంటారు, ముగ్గురూ గొంతు పెంచే అంటారు. పిల్లకి మూడూ ఉత్త అరుపులే, వీళ్లూ నాతోపాటు మొరుగుతున్నారనే అనుకుంటుంది. ఏ భాషైనా పర్వాలేదు, ఇంటిల్లిపాదీ ఒకే మాట, మెల్లగా, అది ఆగిన క్షణంలో అనాలి.

కర్ర, నీళ్లు, కరెంటు కాలర్

గ్రిల్లు మీద కర్రతో కొడితే పిల్ల టక్కున ఆగుతుంది, అందుకే ఆ పద్ధతికి అంత పేరు. ఆగింది మొరుగుడు, భయం అలాగే ఉంది, ఇప్పుడు దానికి మీరంటే భయం కూడా తోడైంది. మొరిగితే షాక్ ఇచ్చే కాలర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. బ్రిటన్‌లో వేల్స్ 2010లోనే షాక్ కాలర్లని నిషేధించింది, అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో మెచ్చుకోలు, బహుమతి పద్ధతులే వాడాలని, భయపెట్టే పద్ధతులు వద్దని ప్రకటించింది. ఈ పద్ధతుల్ని సమర్థించే ట్రైనర్లు ఉన్నారు, పెద్ద కుక్కల్లో మొండి అలవాట్లకి వేరే దారి లేదంటారు. రెండు మూడు నెలల పిల్ల ఏడుపుకి మాత్రం ఆ వాదన కూడా వర్తించదు.

అసలు మూసిపెట్టడమే తప్పా?

దీని మీద లోకమే రెండుగా ఉంది. అమెరికాలో క్రేట్ చాలా మామూలు, స్వీడన్, ఫిన్లాండ్‌లలో ఇంట్లో కుక్కని బోనులో మూసెయ్యడం మీద చట్టపరమైన ఆంక్షలున్నాయి. మన 1960 జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కదలడానికి సరిపడా ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువుని పెట్టడాన్నీ, మరీ పొట్టి గొలుసుతో ఎక్కువసేపు కట్టెయ్యడాన్నీ నేరంగా చెప్తుంది. కెన్నెల్ పెట్టుకోవచ్చు, కానీ లేచి నిలబడి, తిరిగి, కాళ్లు చాపుకుని పడుకునే చోటు ఉండాలి, రోజంతా మూసి ఉంచడానికి మాత్రం కాదు. పొద్దున్న డ్యూటీకి వెళ్లి సాయంత్రం వచ్చే ఇంట్లో రెండు నెలల పిల్లని అంతసేపు మూసిపెట్టి మొరగొద్దంటే ఏ ట్రైనింగూ పనిచెయ్యదు.

పక్కింటివాళ్ల బాధ కూడా నిజమే. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల్లో ఇళ్లుండే చోట రాత్రి 10 నుంచి పొద్దున్న 6 వరకూ హద్దు 45 డెసిబెల్స్, కుక్క మొరుగుడు దాన్ని సులువుగా దాటేస్తుంది. కొత్తపిల్ల వచ్చింది, కొన్నాళ్లు గోల ఉంటుంది అని ముందే వెళ్లి ఒక మాట చెప్తే చాలా గొడవలు పుట్టవు, పైగా వాళ్లు గోడ దగ్గరికొచ్చి అరిచే అరుపుకి భయపడి తలుపు తీసే పరిస్థితి కూడా తప్పుతుంది.

అన్నీ చేసినా ఆగకపోతే

ఓపిగ్గా నడిపితే చాలా పిల్లలు కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. కొన్ని సర్దుకోవు. మూసిన వెంటనే చొంగ కారిపోవడం, గ్రిల్లు కొరికి పళ్లు, గోళ్లు నెత్తురు చేసుకోవడం, మీరు చెప్పులు వేసుకుంటుంటేనే వణకడం కనిపిస్తే అది మామూలు అలవాటు సమస్య దాటిపోయింది, అలాంటిదాన్ని ఇంకా గట్టిగా మూసేకొద్దీ గాయాలే మిగుల్తాయి. కెన్నెల్ మానేసి గదిలో వదిలితే కొన్ని వెంటనే నెమ్మదిస్తాయి, భయం ఒంటరితనానిది కాదు ఆ బోనుదే అని అప్పుడు తెలుస్తుంది. హఠాత్తుగా మొదలైన ఏడుపుతో పాటు వాంతులు, విరోచనాలు, తిండి మానెయ్యడం ఉంటే మాత్రం ట్రైనింగ్ ఆలోచన పక్కనపెట్టి ఆ రోజే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాలి, టీకాలు పూర్తికాని పిల్లలకి పార్వో అనే వైరస్ జబ్బు వస్తే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

మందుల గురించి కూడా అడుగుతున్నారు. పెద్ద కుక్కల్లో ఒంటరితనం భయానికి క్లోమిప్రమిన్, ఫ్లూఆక్సెటిన్ అనే మందులు అమెరికాలో ఆమోదం పొంది ఉన్నాయి, అవి కూడా ట్రైనింగ్‌తో కలిపి వాడేవే, ఆరునెలలు దాటిన కుక్కలకే. రెండు నెలల పిల్లకి అవి వెయ్యరు. మెడికల్ షాపులో మనుషుల దగ్గుమందో నిద్రమాత్రో తెచ్చి సగం చేసి వేస్తే పిల్ల మత్తుగా పడుంటుంది, మోతాదు తేడా వస్తే మరి లేవదు.